రెండో కన్ను

శుక్రవారం ఆపరేషన్ అన్న కబురు సోమవారం టీ గంట కొట్టేలోపే నాలుగు లైన్లకూ పాకిపోయింది. కాలర్లు కుట్టేవాళ్ళు మిషన్లు ఆపకుండానే తలలెత్తి చెకింగ్ బల్ల దగ్గరి ఆమె వైపు చూసి నవ్వారు. గుండీల మిషన్ మీద కూర్చునే లావుపాటి ఆవిడ పనిగట్టుకుని లేచి వచ్చి బుగ్గ గిల్లి వెళ్ళింది. పెళ్ళి కుదిరిన పిల్లకు కూడా అంత మర్యాద జరగదు.

ఆ షర్టుల ఫ్యాక్టరీలో ఆమెకు పెట్టిన పేరు డేగ. తొమ్మిదేళ్ళుగా చెకింగ్ బల్ల దగ్గర నిలబడి చేసే పని. షర్టు చేతిలోకి వచ్చిందంటే ముందు కాలరు, తర్వాత భుజాలు, చంకలు, జేబు, చేతిపట్టీలు, గుండీలు, ఆఖరున తిరగేసి లోపలి కుట్లు. మొత్తం నలభై సెకన్లు. తప్పు కనిపిస్తే దాని పక్కన ఎర్ర బాణం స్టిక్కరు అంటించి, ఎక్కడుందో, ఎంత పొడుగుందో చీటీ మీద రాసి పక్కకు తోసేస్తుంది. ఆమె కంట్లో పడకుండా జారుకున్న దారప్పోగు ఇంకా పుట్టలేదని సూపర్‌వైజరే ఒప్పుకుంటాడు. నోరు తెరిస్తే నిమిషాలు తప్ప మరో మాట రాని ఆ సూపర్‌వైజరును అతని వెనకాల అందరూ గడియారం అంటారు.

గడియారం కూడా ఆ రోజు నవ్వాడు. మంచి పని చేస్తున్నావమ్మా, ఇకమీదట నువ్వు బిళ్ళ చుట్టూ తిరగక్కర్లేదు అన్నాడు. బిళ్ళంటే చెక్క బిళ్ళ. లైనుకు నలభై మంది ఆడవాళ్ళు, బిళ్ళ ఒక్కటి. అది మేకుకు వేలాడుతుంటేనే తీసుకుని బాత్రూముకు వెళ్ళాలి, లేదంటే పళ్ళు బిగబట్టుకుని నిలబడాలి. అది దొరకదేమోనన్న భయంతో డేగ పొద్దున నీళ్ళు తాగడం మానేసి చాలాకాలమైంది. ఏడాదిగా నెలసరి ఎనిమిది రోజులు పడుతోంది. మొదటి మూడు రోజులూ గంటకొకసారి వెళ్ళి మార్చుకోవాలి. రక్తం గడ్డలు గడ్డలుగా పోతుంది. బల్ల అంచు పట్టుకుని నిలబడితే కళ్ళముందు షర్టులు ఈదుతాయి.

కిందటి నెల కంపెనీవాళ్ళే భోజనాల గదిలో ఆరోగ్య శిబిరం పెట్టించారు. ఊళ్ళోని ఒక క్లినిక్కు నుంచి డాక్టరుగారు వచ్చి ఒక్క పూటలో అరవై మందిని చూసి పారేశాడు. మనిషికి మూడు నిమిషాలు. షర్టుల లెక్కన నాలుగున్నర షర్టులు. డేగ వంతు వచ్చినప్పుడు ఆయన పిల్లలెంతమంది అని అడిగాడు. ఇద్దరంది. చాలుగా, ఇక ఆ గర్భసంచీతో ఏం పని నీకు, గడ్డ ఉంది, ఉంచుకుంటే రేపు క్యాన్సరవుతుంది అని చీటీ రాసి ఇచ్చాడు.

ఆ మాటతో పది రోజులు ఆమెకు ముద్ద దిగలేదు. తీరా క్లినిక్కువాళ్ళు శుక్రవారం పొద్దున రమ్మని తేదీ ఇచ్చేసరికి భయమంతా తిరగబడి సంబరమైంది. ముప్పై అయిదేళ్ళకే ఈ పీడ వదిలిపోతోంది. తెల్ల ప్యాంటు కొనుక్కోవచ్చు. నీళ్ళు కడుపు నిండా తాగొచ్చు.

ఇంట్లో అంతకంటే ఎక్కువ సంబరం. తేదీ తెచ్చింది అత్తే. క్లినిక్కుకు మూడుసార్లు తిరిగి, అక్కడ చీటీలు రాసే పిల్లను బతిమాలి తెచ్చింది. ఫ్లాస్కు కడిగి బోర్లించింది. ముందు వైపు గుండీలున్న నైటీ కొని, అవి గట్టిగా ఉన్నాయో లేదో నువ్వే చూసుకో, చెకింగ్ నీ పనేగా అని కోడలి ఒళ్ళోకి విసిరింది. పది రోజులు పొయ్యి దగ్గరికి రానివ్వనని ముందే హెచ్చరించింది. ఆవిడకు ఇదంతా కొత్త కాదు. ఇరవై తొమ్మిదేళ్ళకే తీయించుకుంది. తీయించుకుని హాయిగా ఉన్నానని రోజుకోసారి అంటుంది. ఆ అనడం కూడా మంచం అంచు పట్టుకుని, నడుము మీద చెయ్యి వేసుకుని, రెండుసార్లు విరిగి వంకరగా అతుక్కున్న మణికట్టు ఊపుతూ అంటుంది.

డేగ మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పన్నెండంతస్తుల పైన తీగ పట్టుకుని వేలాడతాడు గానీ తల్లి ముందు నోరు పెగలదు. పెళ్ళాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి శుక్రవారం సెలవు పెట్టేశానని చెప్పి, ఘనకార్యం చేసినవాడిలా చేతులు దులుపుకున్నాడు.

బుధవారం పొద్దున్నే లేత నీలం షర్టుల లాటు బల్ల మీదికి వచ్చింది. సాయంత్రం లారీ ఎక్కాలి. గడియారం పావుగంటకోసారి వచ్చి ఎన్నయ్యాయి ఎన్నయ్యాయి అని వేధిస్తున్నాడు. మూడో షర్టులోనే డేగ చెయ్యి ఆగింది. పక్క కుట్టు వెంబడి సూదిమొనంత చిల్లులు వరసగా ఉన్నాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చుక్కల్లా మెరిశాయి. నాలుగో షర్టులోనూ అంతే. బాణం, బాణం, బాణం. మధ్యాహ్నానికి నూట నలభై షర్టులు పనికిరానివని పక్కన గుట్టపడ్డాయి.

పనికిరాని షర్టును ఆ ఫ్యాక్టరీలో ఉన్నది ఉన్నట్టు పారేయరు. బయట బజారుకెక్కి పేరు పాడవుతుందని కాలరు నుంచి కిందిదాకా పెద్ద కత్తెరతో నిలువునా కోసేస్తారు. కోసింది ఇక అతుకు పడదు. అందుకని ఒక కట్టడి ఉంది. షర్టులు కొనే కంపెనీవాళ్ళు పెట్టింది, గోడ మీద అట్ట కూడా వేలాడుతుంది. ఒక్కరు చూసి వద్దన్న దాన్ని కొయ్యకూడదు. రెండోవాళ్ళు చూడాలి. ఆ రెండోవాళ్ళ బల్ల కిటికీ దగ్గర ఉంది. అక్కడ ఆవిరి పెట్టె పక్కన కూర్చునే ముసలావిడను రెండో కన్ను అని పిలుస్తారు. ఆవిడకు నిజంగానే ఒక కంట్లో పొర. ఉన్న ఒక్క కన్నూ రెండోదేనని తన మీద తనే జోకు వేసుకుంటుంది.

రెండో కన్ను ఒక షర్టు తీసింది. చిల్లుల మీద గోరుతో అటూ ఇటూ రుద్దింది. ఆవిరి గొట్టం దగ్గరికి తెచ్చి బుస్సుమని పట్టించి, బల్ల మీద పరిచి, అరచేత్తో రాసి డేగ ముందు పడేసింది. చిల్లులు లేవు. డేగ వెలుతురుకు ఎత్తింది. తిరగేసింది. లేవు.

"బట్ట చిరగలేదే పిల్లా. మొద్దు సూదికి పోగు పక్కకు జరిగింది. కాస్త ఆవిరి పెడితే తనంతట తనే మూసుకుంటుంది. నూట నలభైకీ ఇలా బాణాలు గుచ్చేశావేంటే, ఎవరి మీద కోపం?"

చుట్టూ నవ్వారు. డేగ నవ్వలేదు. తొమ్మిదేళ్ళలో ఒక్క లాటులో ఇంత పొరపాటు పడలేదు. కత్తెర మనిషి అప్పటికే గుట్ట పక్కన స్టూలేసుకుని, ఇంకా ఎంతసేపన్నట్టు కత్తెర ఆడిస్తున్నాడు. రెండో కన్ను అతన్ని పొమ్మని చెయ్యి ఊపింది. డేగ ఆ కత్తెరను చూసింది. నీలం షర్టును చూసింది.

"పిన్నీ, నన్ను రెండోసారి ఎవరు చూశారు?"

ముసలావిడకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిరి గొట్టం కట్టేసింది. నీకు ఏముందన్నారు అని అడిగింది. గడ్డ అంది డేగ. ఎంత గడ్డ? అడగలేదు. ఎక్కడుంది? అదీ అడగలేదు.

"షర్టుకైతే బాణం పెట్టి, పొడుగెంతో రాస్తావు కదే."

అంతే అంది. అని మళ్ళీ గొట్టం తెరిచి షర్టులకు ఆవిరి పట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు నూట ముప్పై ఆరు షర్టులు బతికాయి. నాలుగిటికి మాత్రం నిజంగానే చిరుగుంది, వాటికి కత్తెర పడింది.

భోజనాల గంటకు డేగ డబ్బా మూత తియ్యలేదు. ఒక్కొక్క లైను దగ్గరికీ వెళ్ళి, శిబిరంలో చీటీలు తెచ్చుకున్నవాళ్ళు ఒకసారి బల్ల దగ్గరికి రండి అని చెప్పింది. ఎందుకని అడిగితే చెప్పలేదు, తనకే ఇంకా తెలీదు. ఎనిమిది మంది వచ్చారు. పర్సుల్లోంచి, ఫోను కవర్లలోంచి మడతలు పడ్డ చీటీలు తీశారు. డేగ తొమ్మిది చీటీలనూ షర్టులు పరిచినట్టు వరసగా పరిచి, లైటు కిందికి లాగింది. చేతులు వాటంతట అవే పని అందుకున్నాయి. ఒకే చేతిరాత. ఒకే మూడు మాటలు. గడ్డ, క్యాన్సర్ భయం, సంచీ తీయాలి. పక్కన వయసు. నలభై ఆరు, నలభై ఒకటి, ముప్పై అయిదు. కాలర్ల లైనులో కిందటేడే చేరిన బక్క పిల్ల చీటీ మీద ఇరవై ఆరు. ఆ పిల్లకు తెల్లబట్ట అవుతుంటే చూపించుకుందట. ఇంకా పిల్లలు లేరు. ఆ సంగతి డాక్టరు అడగలేదు, తనూ చెప్పలేదు.

లావుపాటి ఆవిడ చీటీలమీద వంగి, అందరికీ ఒకే జబ్బేంటే, నీళ్ళలో ఏమన్నా ఉందా అంది. నీళ్ళు ఎవరు తాగుతున్నారక్కా బిళ్ళ పుణ్యమా అని అంది ఇంకొకామె. నవ్వారు గానీ ఎవరూ అక్కణ్ణుంచి కదల్లేదు.

"లాటంతా ఒకే తప్పు వస్తే తప్పు బట్టలో ఉండదు, మిషన్‌లో ఉంటుంది. ఈ సంగతి మనకు తెలీదా?" అంది డేగ.

ఆ మాటకు ఎనిమిది తలలూ ఒక్కసారి లేచాయి. అప్పటిదాకా సిగ్గుతో గుసగుసలాడినవాళ్ళు పోటీలుపడి మాట్లాడారు. పెద్దాసుపత్రిలో ఆడవాళ్ళ విభాగంలో ఒక డాక్టరమ్మ ఉందని, కసురుకోకుండా చూస్తుందని, కానీ వరసలో నిలబడాలని ఒకామె చెప్పింది. ముందు నువ్వు వెళ్ళి చూడక్కా, తర్వాత మేమూ వస్తాం అని బక్క పిల్ల డేగ కొంగు కాదు, ఏకంగా చెయ్యే పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

సెలవడిగితే గడియారం మొహం మాడ్చాడు. శుక్రవారం ఎలాగూ పోతున్నావు కదా, గురువారం కూడా ఎందుకన్నాడు. రెండో కన్ను కిటికీ దగ్గర్నుంచే, ఇవాళ నూట ముప్పై ఆరు షర్టులు మిగిల్చాం, అందులోంచి ఒక్క పూట తీసి ఇవ్వరాదా బాబూ అంది. అతను గడియారం చూసుకుని, పన్నెండున్నరకు బల్ల దగ్గరుండాలి అన్నాడు.

మొగుడికి చెప్పి, అత్తయ్యతో అనకు అంది డేగ. అతను సరేనన్నాడు. తల్లి ఎదురుపడి, ఏంట్రా మొహం అలా పెట్టావు అని అడగడమే తరువాయి, మొత్తం కక్కేశాడు. ఆవిడ ఒంటికాలి మీద లేచింది. తను మూడుసార్లు తిరిగి తెచ్చిన తేదీ. అందరూ మంచి డాక్టరన్న డాక్టరు. పెద్దాసుపత్రిలో పిల్ల డాక్టర్లు గుచ్చి గుచ్చి చంపుతారు. నీకు చదువొచ్చని నాకు తెలుసులే, నా ఒంటి మీద జరిగింది నాకు తెలీదా అని కోడల్ని నిలబెట్టి దులిపేసింది. డేగ తల వంచుకుని అన్నీ వింది. విన్నాక, పొద్దున ఆరున్నరకు బయల్దేరతానత్తయ్యా అంది. ఆ ఇంట్లో అలాంటి జవాబు రావడం అదే మొదలు.

గురువారం ఆరుంబావుకే అత్త చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది. నువ్వు ఆ తేదీ పాడుచేసుకోకుండా చూడ్డానికే వస్తున్నా, నీ మీద ప్రేమతో కాదు అని ముందే తేల్చి చెప్పింది. ఫ్లాస్కు మాత్రం తెచ్చింది.

వరస గేటు దాకా ఉంది. బస్సెక్కిందగ్గర్నుంచి అత్త సణుగుతూనే ఉంది. డేగకు అదేదీ చెవికెక్కలేదు. స్కూలు ఫలితాల రోజు బోర్డు ముందు నిలబడినట్టుంది. చేతిలో చీటీ మీద రాసుకొచ్చిన ప్రశ్నల్లో తనవి ఏడు. లావుపాటి ఆవిడవి మూడు, బక్క పిల్లవి రెండు. వరస ముందుకు జరిగినప్పుడల్లా వాటిని ఒకసారి చదువుకుంది.

డాక్టరమ్మకు ముప్పై దాటి ఉంటాయేమో. కళ్ళకింద నలుపు, జేబు నిండా పెన్నులు. క్లినిక్కు చీటీ పక్కన పెట్టేసి, ముందు మీరు చెప్పండి అంది. ఎన్ని రోజులవుతుంది, రోజుకు ఎన్నిసార్లు మార్చుకుంటారు, గడ్డలు పోతాయా, మధ్యలో కనిపిస్తుందా, మొగుడితో ఉన్నప్పుడు నొప్పా. అత్త గోడ వైపు తిరిగింది. డేగ ఒక్కొక్కదానికీ జవాబు చెబుతుంటే, ఇవన్నీ తనకు ఇంత కచ్చితంగా తెలుసా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. కింది రెప్ప లాగి చూసి, మీ ఒంట్లో రక్తం ఎక్కడుందమ్మా అసలు, ఎలా నిలబడుతున్నారు రోజంతా అంది డాక్టరమ్మ. బల్ల పట్టుకుని అంది డేగ.

పక్క గదిలో స్కానింగ్. పొట్ట మీద చల్లటి జిగురు రాసి యంత్రం ఆనించారు. తెర అటు తిప్పి ఉంది. కొంచెం ఇటు తిప్పండమ్మా, నేనూ చూస్తానని డేగ అడిగింది. తిప్పారు. బూడిద రంగు పొగలాంటి ఆ మసకలో డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది. ఇది సంచీ. ఇవి రెండూ అండాశయాలు. ఇదిగో, ఈ నల్లటి గుండ్రం, ఇదీ మీ గడ్డ. డేగ మెడ సాచింది. ఇద్దరు పిల్లలు పెరిగిన చోటును ఆమె మొదటిసారి చూస్తోంది. లోపలి కుట్టును తిరగేసి చూసినట్టు ఎంత పొడుగు అని అడిగింది. రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ.

"గుండీ అంత," అంది డేగ. "కోటు గుండీ."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. అవును, కోటు గుండీ అంతే అంది.

మళ్ళీ కుర్చీలో కూర్చున్నాక పాత చీటీ వెనక బొమ్మ గీసి చెప్పింది. ఇలాంటి గడ్డ క్యాన్సరుగా మారడం చాలా అరుదు. క్యాన్సర్ భయం ఉంటే దానికి పరీక్షలున్నాయి, సంచీ ముఖద్వారం దగ్గర దూదితో తీసే పరీక్ష ఇప్పుడే చేద్దాం, అవసరమైతే లోపలి పొరదీ తీసి పంపుదాం. రక్తం పెరగడానికి ఈ రోజు నుంచే మందు. ఇక రక్తం అంత ఎక్కువ పోకుండా ఉండటానికి దారులు చాలా ఉన్నాయి. ఆ రోజుల్లో మాత్రమే వేసుకునే మాత్రలు ఒకటి. లోపల పెట్టే మందు లూపు ఒకటి, అయిదేళ్ళ పాటు పనిచేస్తుంది, మొదటి నెలల్లో చుక్కలు చుక్కలుగా కనబడొచ్చు. గడ్డ ఒక్కదాన్నే తీయడం ఇంకొకటి. ఏదీ పనిచేయకపోతే, ఆఖరున, సంచీ తీయడం. ఒక్కొక్కదానికీ మంచేంటో చెడేంటో చెప్పింది. ఏది కావాలన్నది మీరు ఆలోచించుకుని చెప్పాలి, తొందరేం లేదు అంది.

డేగ మొహం వేడెక్కింది. ఇన్ని దారులా. ఒకే తలుపని చెప్పి నెట్టుకొచ్చిన గదికి ఇన్ని తలుపులా. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ప్రశ్నల చీటీ విప్పబోయింది.

అప్పుడు అత్త గోడ వైపు నుంచి ఇటు తిరిగింది.

"నాకు చేసినప్పుడు ఇవన్నీ లేవా అమ్మా?"

గొంతులో సణుగుడు లేదు. డాక్టరమ్మ ఎప్పుడు చేశారని అడిగింది. ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు. ఎందుకు తీశారు?

"తెల్లబట్ట అవుతోందని వెళ్ళా. పుండు పడింది, ఉంచితే క్యాన్సరన్నారు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. అండాశయాలు కూడా తీసేశారా అని మెల్లగా అడిగింది. ఏం తీశారో, ఏం ఉంచారో నాకేం తెలుసమ్మా అంది అత్త. ఆపరేషనయ్యాక ఒళ్ళంతా ఆవిర్లు వచ్చాయా అంటే, ఆ వయసులో చలికాలంలో కూడా కిటికీ తెరిచి పడుకునేదాన్నంది. డాక్టరమ్మ లేచి వచ్చి ఆవిడ వంకర మణికట్టు చేతిలోకి తీసుకుంది. అవి కూడా తీసేసి ఉండొచ్చని, అంత చిన్న వయసులో తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయని, దానికి ఇప్పుడు పరీక్షా ఉంది మందూ ఉందని, రాసిస్తానని చెప్పింది.

అత్త అదంతా విన్నట్టు లేదు. ఇంకోటి అడగాలని ఉంది ఆవిడకు, అది నోటిదాకా వచ్చి ఆగుతోంది.

"తెల్లబట్టకు మందుందా?"

"ఉందమ్మా. చాలాసార్లు వారం రోజుల మందుతో తగ్గిపోతుంది."

"అప్పుడూ ఉందా?"

"అప్పుడూ ఉంది."

అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ఇక నడు అంటుందనుకుని డేగ చీటీ మడిచేయబోయింది. అంతలో బయట బంట్రోతు తలుపు సగం తెరిచి, తర్వాతి నంబరు అని కేకేశాడు. అత్త నాలుగడుగుల్లో తలుపు దగ్గరికి చేరింది. అంత వేగంగా నడవగలదని డేగకు తెలీదు. అతని మొహం మీదే తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"నువ్వు కూర్చో అమ్మాయ్. ఆ కాయితంలో ఏం రాసుకొచ్చావో అన్నీ అడుగు. ఒక్కటీ వదలకు. అర్థం కాకపోతే మళ్ళీ అడుగు."

డాక్టరమ్మ అభ్యంతరం చెప్పలేదు, కుర్చీ ముందుకు లాక్కుంది. డేగ చీటీని బల్ల మీద పరిచి, రెండు చేతులతో మడతలు సాపుచేసింది. మొదటిది మళ్ళీ మొదట్నుంచి చెప్పండమ్మా, తెలీని చోట నేను ఆపుతాను అంది. వెనక తలుపు దడదడలాడింది.

"ఆగవయ్యా," అంది అత్త, తలుపుకు వీపు ఇంకాస్త బిగించి. "లోపల మనిషి ఉంది."